కల్వకుర్తిలో వదిలిన బొంత

అటక మీది నుంచి బొంతను దించుతుంటే, అది చేతికి అందకముందే దాని వాసన ముక్కుకు అందింది. ఎండి పొడైన వేపాకు, దాని వెనక ఆముదం, ఆ వెనకెక్కడో బూడిద నీళ్లలో నానిన నూలు. తెలియనివాళ్లకు అది పాత గుడ్డల కంపే, నాకు మాత్రం మా పాత ఇల్లు మొత్తం ఆ బొంతలోనే ఉంది. నల్గొండలో మేమిప్పుడుంటున్న కిరాయి ఇంట్లో ఫినాయిల్ తప్ప మరో వాసన నిలవదు. వచ్చే వారం మా చెల్లెకు ఓణీల ఫంక్షన్. దానికి ముందు మక్తల్ అవతల ఉన్న మా ఇంటి దేవతను చూసి రావాలని బాపు పట్టుబట్టాడు. హైదరాబాద్‌లో ఆఫీసుకు సెలవు పెట్టి వచ్చి, సామాను సర్దే పని నేనే నెత్తిన వేసుకున్నాను, వేసుకున్నాక ఎందుకు వేసుకున్నానా అనిపించింది. మా ఇంట్లో పెద్ద పెద్ద తగాదాలన్నీ ఏదో ఒక సంచి మూతి దగ్గరే మొదలయ్యాయి మరి.

ఊరికి పోవాలంటే చాలు, మా ఇల్లు రెండుగా చీలిపోయేది. అమ్మ, అవ్వ ఒక పక్క, బాపు ఒక్కడూ ఒక పక్క. అవ్వ అంటే బాపును కన్నతల్లి. నల్గొండ ఫ్లోరైడ్ నీళ్లు తాగి తాగి దొడ్డికాళ్లు పడిన మనిషి, నాలుగడుగులు వేస్తే రెండు చోట్ల ఆగేది, కానీ ప్రయాణమనేసరికి ఇల్లంతా ఆవిడే తిరిగేది. బియ్యం, కందిపప్పు, చింతపండు, డబ్బాలో మామిడికాయ తొక్కు, గుడ్డలో చుట్టిన జొన్నరొట్టెలు, వెల్లుల్లి కారం, కిరసనాయిలు స్టవ్వు, దాని పిన్ను, సీసాల్లో ఫిల్టర్ నీళ్లు, ఆఖరికి పళ్లు తోముకునే వేప పుల్లలు కూడా కట్టగట్టేది. బాపు వయసులో ఉన్నప్పుడు చీరల మూట భుజాన వేసుకుని ఊరూరా తిరిగి అమ్మిన మనిషి, మూట కనిపిస్తేనే ఆయనకు ఒళ్లు మంట. చేతులూపుకుంటూ బస్సెక్కాలనేది ఆయన జీవితంలో పెద్ద కోరిక. అవ్వ ఏది సంచిలో పెట్టినా ఆయన నోటి నుంచి ఒక్కటే మాట వచ్చేది, "ఆడ దొరకదా?"

"యాపపుల్లలు గూడ మోసుకపోవాల్నా? మక్తల్‌ల యాపచెట్లు లేవా?" అన్నాడు ఒకసారి.

"ఉంటయి. ఎవలిదో చెట్టు, ఎవలనో అడగాలె. గా అడుగుడు నాతోని గాదు" అంది అవ్వ, కట్టకు ఇంకో ముడి వేస్తూ.

నేను చెప్పబోయేది తెలంగాణ వచ్చిన కొత్తల్లోని ఒక ఎండాకాలం సంగతి. బస్సుల మీద పాత అక్షరాలు చెరిపి కొత్తవి రాస్తున్న రోజులు. నల్గొండకు దగ్గర్లోనే ఉన్న మా ఊళ్లో ఇంకా మగ్గాలు ఆడుతుండేవి, పొద్దున లేచేసరికి ఆ గోడ నుంచి ఈ గోడ నుంచి పోగును అదిమే పలకల దెబ్బలు వినిపించేవి, ఏ దెబ్బ ఎవరి ఇంటిదో మంచం మీది నుంచి లేవకుండానే మేం చెప్పేవాళ్లం. సెలవుల్లో మా ఆటలన్నీ మగ్గం చుట్టూనే. వాకిట్లో అచ్చెనగండ్లు ఆడి విసుగు పుడితే ఖాళీ కండెలతో బండ్లు కట్టేవాళ్లం, రంగు నీళ్లలో చేతులు ముంచి ఎర్రటి చేతులతో అన్నానికి కూర్చుని తిట్లు తినేవాళ్లం. మా ఇంట్లో నూలును ఆముదంలో, బూడిద నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి పిసికి ఆరేసేవాళ్లు. ఆ వాసన అన్నానికీ పట్టేది, జుట్టుకూ పట్టేది, బడిలో పక్కన కూర్చున్న పిల్ల ముఖం తిప్పుకునేది. అప్పట్లో నాకు ఆ వాసనంటే సిగ్గుగా ఉండేది.

నాకూ చెల్లెకూ మధ్య అమ్మకు రెండుసార్లు కడుపు నిలవలేదు. రెండోసారి తర్వాత అమ్మ చాలా రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు, మగ్గం గుంట పక్కన గోడకానుకుని కూర్చుని ఉండేది. అప్పుడు అవ్వ మొక్కుకుంది. మా తాత బతుకుదెరువుకు మక్తల్ దిక్కు నుంచి నల్గొండ దిక్కు వచ్చి ఈ నూనె నూలు పని నేర్చుకున్నాడు గానీ, ఇంటి దేవత అక్కడే ఉండిపోయింది. ఈసారి బిడ్డ నిలిస్తే, పుట్టెంటికల మీద కత్తి పడకముందే ఆ తల్లికి మా ఇంట్లో నేసిన చీర కట్టిస్తానని అవ్వ మొక్కు. కొన్న చీర కాదు. పంట పండించేవాడు గింజలిచ్చుకుంటాడు, నేసేవాడు బట్ట ఇచ్చుకోవాలి, నేసేవాడే కొని ఇస్తే తల్లి ఏమనుకుంటుందని అవ్వ వాదన. చెల్లె పుట్టింది, నిలిచింది, పాకింది. ఆ చీరకు నూలంతా అవ్వే తన వంకర వేళ్లతో కండెలకు చుట్టింది. బాపు నేశాడు. ఎరుపు, నలుపు, తెలుపు తప్ప మరో రంగు లేని చీర అది.

మొక్కు చీరకు మా ఇళ్లలో ఒక పద్ధతి ఉండేది. మగ్గం మీది నుంచి కోశాక అది దేవత ముందు పరిచేదాకా ఎవరి కంటా పడకూడదు, ఎక్కడుందో నోటితో చెప్పకూడదు, చెబితే దిష్టి. అందుకని కొత్త చీరను పాత గుడ్డల్లో దాచేవాళ్లు, ఎంత పాతవైతే అంత మంచిది. అవ్వ తన పాత చీరలతో కుట్టిన బొంతను పరిచి, మధ్యలో ఆ చీర పెట్టి, వేపాకు చల్లి, మడతపెట్టి నాలుగు పక్కలా పొడుగాటి కుట్లు వేసింది. కుట్లు వేస్తున్నప్పుడు నేనక్కడ లేను, అమ్మా లేదు. బాపుకు చీర అవ్వ దగ్గర భద్రంగా ఉందని మాత్రం తెలుసు. ఏ మడతలో ఉందో ఆయన అడగకూడదు, ఆవిడ చెప్పకూడదు. ఇదంతా మాకు తర్వాత తెలిసింది.

నల్గొండలో ఎక్కిన బస్సు కల్వకుర్తికి చేరేసరికి ఎండ నడినెత్తి మీదుంది. మహబూబ్‌నగర్ మీదుగా మక్తల్ పోయే బస్సు అప్పటికే కిక్కిరిసి ఉంది. జనం కిటికీల్లోంచి సీట్ల మీదికి దస్తీలు విసురుతున్నారు. అవ్వ చెల్లెను చంకనేసుకుని, ఆ కాళ్లతోనే, అందరినీ తోసుకుంటూ ముందెక్కింది సీట్లు పట్టడానికి. కింద మేం ముగ్గురం, మా చుట్టూ సంచులు. స్టవ్వు సంచి తెగింది. కండక్టర్ గొణుగుతున్నాడు. బాపు ముఖం ఎర్రబడింది, ఇలాంటప్పుడు ఆయన మాట్లాడడు, చేస్తాడు. బొంతనూ బకెట్‌నూ రెండు చేతులా పట్టుకుని రోడ్డు దాటి, తనకు పాత పరిచయమున్న ఖాజా భాయ్ అనే దర్జీ దుకాణంలో పెట్టి వచ్చేశాడు.

"బొంతెందుకు పెట్టినవ్? పిల్లను దేని మీద పండబెట్టాలె?" అంది అమ్మ.

"సత్రంల చాపలు, దుప్పట్లు కిరాయికిస్తరు. ఆడ దొరకదా?"

అమ్మ ఇంకేదో అనబోయింది, బస్సు కదిలింది, ఎక్కేశాం. అవ్వ ముందు సీట్లో, మేం వెనక నిలబడి. సామాను వెనకుందిలే అనుకుని అవ్వ నిశ్చింతగా చెల్లెకు పాట పాడుతూ కూర్చుంది. ఇప్పటికీ కల్వకుర్తి బస్టాండు మీదుగా పోయినప్పుడల్లా నాకు ఆ పాటే గుర్తొస్తుంది.

మక్తల్‌లో దిగి ఆటోలో దేవత ఉన్న ఊరు చేరేసరికి ఎండ మెత్తబడింది. నల్లరేగడి చేలు నెర్రెలిచ్చి ఉన్నాయి, ఆ ఊళ్లో మాట చివర కన్నడం తగులుతుంటే నాకు నవ్వొచ్చింది. సత్రంలో ఒక గది ఇచ్చారు. బాపు అలా బయటికి పోయి కొత్త సబ్బు, దువ్వెన, రెండు చాపలు, రెండు దుప్పట్లు, పిల్లకు పాలు తెచ్చి మా ముందు వరసగా పేర్చాడు. పరీక్ష పాసైన పిల్లాడిలా ఉంది ఆయన ముఖం. "చూసిన్రా? ఏం దొరకలే ఈడ?" అన్నాడు.

అవ్వ ఒక్కొక్క సంచీ తడిమి చూసింది. మళ్లీ మొదటి నుంచి తడిమింది.

"బొంతేది రా యాదగిరీ?"

"ఖాజా భాయ్ దుకాణంల బెట్టిన. మల్లొచ్చేటప్పుడు తీస్కపోదాం."

అవ్వ కూర్చున్న చోటే ఉండిపోయింది. ఎవరికో చెబుతున్నట్టు, "అండ్లనే ఉన్నది" అంది. ఏమున్నదని బాపు అడగలేదు. ఆయన చేతిలోని దువ్వెన కిందపడింది. నాకు సంగతి అర్థం కావడానికి అమ్మ ముఖం చూడాల్సి వచ్చింది. అమ్మ చెల్లెను ఒడిలోకి లాక్కుని, ఎవరో గుంజుకుపోతున్నట్టు రెండు చేతులా అదిమి పట్టుకుంది. అప్పుడు నాకు భయమేసింది. ఆ వయసులో చావంటే నాకు పెద్దగా తెలియదు గానీ, నిలవకుండా పోయిన ఇద్దరి గురించి ఇంట్లో గుసగుసలు విని ఉన్నాను, చెల్లె కూడా అలాగే పోతుందేమోనని దాని కాలు పట్టుకున్నాను.

తెల్లారి పొద్దు పొడిచే వేళకే ముహూర్తం. అది దాటితే మూఢాలు, మూఢాలు వెళ్లేలోపు చెల్లెకు ఏడాది నిండిపోతుంది. ఆ వేళప్పుడు కల్వకుర్తికి పోయి రావడానికి బస్సులు లేవు. బాపు ఫోన్‌లో ఖాజా భాయ్ నంబరు లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు అందరం ఆ ఫోన్ చుట్టూ మూగాం. పూజారి దగ్గరికి పోతే ఆయన మంచివాడే, ఏ చీరైనా పర్వాలేదు, తల్లి భక్తి చూస్తుంది గానీ బట్ట చూడదని చెప్పాడు. అవ్వ దండం పెట్టి వచ్చేసింది. గుడి ముందు దుకాణంలో చీరలు వేలాడుతున్నాయి, వాటిలో ఒకటి అచ్చం మా చీరలాగే ఎరుపు, నలుపు, తెలుపు గళ్లతో ఉంది. మిషన్ మీద అచ్చు కొట్టిన పాలిస్టర్. బాపు దాని కొస పట్టుకుని అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. దుకాణదారు, "కొత్త డిజైన్, నల్గొండ డిజైన్" అని చెప్పాడు. బాపు కొస వదిలేసి మెట్ల మీద కూలబడ్డాడు.

అప్పుడే వినిపించింది, ఎక్కడో గల్లీలోంచి పలక దెబ్బ. బాపు, అవ్వ, నేను ఒకేసారి తలెత్తాం. అమ్మ కూడా. నేసే ఇళ్లలో పుట్టిన చెవులకు అది వేరే చెప్పనక్కర్లేదు. బాపు లేచి ఆ చప్పుడు వెంట నడిచాడు, వెనకే మేం, అందరికన్నా వెనక అవ్వ. గల్లీ చివర తడకల తలుపు ఇల్లు, లోపల గుంట మగ్గం మీద బాపుకన్నా పెద్దాయన ఒకాయన నేస్తున్నాడు. పేరు అంజిలప్ప. మగ్గం మీద ఎర్ర అంచు గళ్ల చీర, కొంగు దిక్కు నేయాల్సింది మూరెడు మిగిలింది.

బాపు సంగతంతా చెప్పాడు. అంజిలప్ప విన్నాడు. "గంతేనా? అన్నాల యాళకు అయిపోతది. పొద్దుగాల తీస్కపో" అన్నాడు.

"కొంటే కాదన్నా. నా చెయ్యి పడాలె. గా మిగిలింది నన్ను నెయ్యనియ్యి."

అంజిలప్ప పోగు నడిపే నాడె పక్కన పెట్టాడు. "గది మాత్రం గాదు తమ్మీ. నువ్వు నేసేటోనివే, నీకు తెల్వదా? చెయ్యి మారితే దెబ్బ మారుతది, బట్ట మీద గీత వడ్తది. నా మగ్గం మీదికెల్లి గీత పడ్డ బట్ట దిగలే గీనాటిదాక."

మా ఇంట్లోనూ అంతే. సొంత తమ్ముణ్ని కూడా బాపు తన మగ్గం మీద కూర్చోనిచ్చేవాడు కాదు. వెనక్కి తిరిగాడు. గడప దగ్గర చెల్లెను ఎత్తుకుని నిలబడ్డ అమ్మ మాత్రం కదలలేదు. పరాయి మగవాళ్ల ముందు గొంతెత్తని మనిషి మా అమ్మ.

"నాకు రెండు పోయినయన్నా" అంది. "గీ పిల్ల ఉన్నది. పొద్దుగాల కత్తి వెట్టాలె. జర చూడు."

అంజిలప్ప చెల్లె వంక చూశాడు. లోపలి నుంచి ఆయన భార్య వచ్చి మొగుడి వంక చూసింది. ఆయన గుంటలోంచి లేచి, తువ్వాలతో పలక తుడిచి, పక్కకు జరిగాడు. బాపు గుంటలోకి దిగబోతుంటే అవ్వ గడపలోంచి ఆపింది. పైసలిస్తే కొన్నట్టే కదా, అది మొక్కుకు పనికిరాదు. అంజిలప్ప ఊరికే ఇస్తే అది ఆయన మొక్కవుతుంది, మాది కాదు. ఇంత దూరం వచ్చి మళ్లీ ఇక్కడ ముడి పడిందా అని నాకు ఏడుపొచ్చింది. అప్పుడు అమ్మ తన చేతిసంచి విప్పి, చెల్లె గుడ్డల అడుగు నుంచి బాపు నేసిన మూడు నూనె నూలు రుమాళ్లు తీసింది. ఆ దిక్కున ఉన్న చుట్టాలకు పెడదామని తెచ్చినవి. తువ్వాళ్లు ఆడ దొరకవా అంటాడని బాపుకు తెలియకుండా దాచి తెచ్చింది. అంజిలప్ప ఒక రుమాలు విప్పి, వేళ్లతో రుద్ది, వాసన చూసి, "మంచి చెయ్యి" అన్నాడు. బట్టకు బట్ట. అవ్వ సరేనని తలూపింది.

దీపాలు పెట్టే వేళ నుంచి అన్నాల వేళ దాకా బాపు నేశాడు. పరాయి మగ్గం, పరాయి పలక బరువు. మొదట్లో ఆయన కాళ్లు తడబడ్డాయి, పోగు ఒకటి తెగింది. అంజిలప్ప గబుక్కున ముందుకొచ్చి, మళ్లీ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. ఆ మూరెడు అంత పొడుగు ఎట్లా అయిందో నాకిప్పటికీ తెలియదు. ఆఖరి దెబ్బ పడ్డాక బాపు లేవకుండా, తన నేతకూ అంజిలప్ప నేతకూ మధ్య పడిన గీతను గోటితో తడిమాడు. చిన్న గీతే. వెలుతురుకు పెడితే తప్ప కనిపించదు, నేసేవాళ్లకు మాత్రం చీకట్లో కూడా చేతికి తగులుతుంది.

తెల్లారి ఆ చీర తల్లికి కట్టారు. చెల్లె పుట్టెంటికలు తీస్తుంటే గుక్కపట్టి ఏడ్చి, గుండు మీద పసుపు రాయగానే నవ్వింది. అమ్మ కూడా నవ్వింది. అవ్వ నవ్వలేదు. ఆవిడ లెక్కలో అది సగం మొక్కే. మూరెడు మాదైతే మిగతాదంతా పరాయి చెయ్యి. తిరుగు ప్రయాణంలో కల్వకుర్తిలో ఖాజా భాయ్ బొంతను ఎట్లా పెట్టామో అట్లాగే తిరిగిచ్చాడు, మీద దుమ్ము పడకుండా కాగితం కూడా కప్పాడు. అవ్వ కుట్లు తడిమి చూసి ఒళ్లో పెట్టుకుంది. ఆ ఎండాకాలమంతా చెల్లె తుమ్మినా దగ్గినా అవ్వ లేచి కూర్చునేది. బాపు ఆ బొంత వంక చూసేవాడు కాదు. అందులోని చీర దేవతది కాబట్టి కట్టకూడదు, అమ్మకూడదు, విప్పకూడదు. ఇంట్లో మళ్లీ శుభకార్యం వచ్చినప్పుడు తీసుకుపోయి ఇవ్వాలని అవ్వ చెప్పింది. కరోనా రోజుల్లో అవ్వ పోయింది. పోయే ముందు కూడా బొంత ఎక్కడుందని అడిగింది.

ఆ తర్వాత అన్నీ ఒకదాని వెంట ఒకటి పోయాయి. బాపు మోకాళ్లు మొరాయించాక మగ్గం విప్పేశాం, గుంటలో మట్టి పోసి సిమెంటు చేశాం, ఇప్పుడా గదిలో ఎవరో కిరాయికి ఉంటున్నారు. బాపు నల్గొండలో ఒక బట్టల దుకాణంలో చీరలు మడతపెట్టే పని చేస్తున్నాడు, సాయంత్రానికి ఆయన చేతులకు ఏ వాసనా ఉండదు. ఖాజా భాయ్ దుకాణం ఉన్నచోట సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. నూలు చుట్టే అవ్వ లేదు, నేసే మగ్గం లేదు. మా దగ్గర మా ఇంటి చేతి బట్ట ఇంకొక్కటి మిగిలిందంటే ఈ కుట్ల లోపల ఉన్నదే, అది కూడా రేపు ఇచ్చేసి రావాలి. నిజం చెప్పొద్దూ, నాకు ఇవ్వాలని లేదు. ఒక్కసారి కుట్లు విప్పి చూసుకుని మళ్లీ కుట్టేద్దామా అనుకున్నాను, కత్తెర కూడా వెతికాను. అటువైపు బాపు చూస్తున్నాడని కత్తెర పెట్టేసి, బొంత తీసుకెళ్లి ఆయన ఒళ్లో పెట్టాను.

చెల్లె వచ్చి నేను సర్దిన సంచులు చూసి నడుం మీద చెయ్యి పెట్టుకుంది. తలంటుకున్న జుట్టు నడుం దాటి వేలాడుతోంది. సబ్బెందుకు, షాంపూ ఎందుకు, ఫోన్‌లో నొక్కితే వస్తాయి కదా, లేకపోతే అక్కడే కొనుక్కోవచ్చు కదా అని నన్ను సతాయించి, ఆఖరుకు బాపు ఒళ్లో ఉన్నదాన్ని చూపించింది.

"బాపూ, గీ పాత బొంతెందుకు? ఆడ దొరకదా?"

బాపు దాని జుట్టు వంక చూశాడు.

"దొరకది బిడ్డా" అన్నాడు. ఆటో రావడానికి ఇంకా చాలా పొద్దుంది, అయినా బొంతను రెండు చేతులా పట్టుకుని పోయి గడప దగ్గర కూర్చున్నాడు.